మహిళా విమాన సిబ్బంది: గుండె పరీక్షలు, వైద్య అర్హత

పైలట్ శిక్షణ కోసం రుణం తీసుకోవటానికి ముందే గుండె పరీక్షలు పూర్తి చేసుకోవటం మేలు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ నుంచి గానీ, తెలుగు రాష్ట్రాల నుంచి గానీ విమానయాన రంగంలో ప్రవేశించదలచిన యువతులు, వారి తల్లిదండ్రులు తొలుత గమనించవలసిన విషయమిది.

దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్ 1947లో హైదరాబాద్ కేంద్రంగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో చేరారు. నేడు భారతీయ పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం. ప్రపంచ సగటు 5 శాతం మాత్రమే.

ఏ పరీక్షలు, ఎక్కడ?

విద్యార్థి పైలట్లకు క్లాస్-2, వాణిజ్య పైలట్లకు క్లాస్-1 వైద్య ధ్రువపత్రం అవసరం. క్లాస్-2 పరీక్షను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ గుర్తింపు పొందిన వైద్యులు నిర్వహిస్తారు. క్లాస్-1 తొలి పరీక్షకు ఢిల్లీలోని వైమానిక దళ కేంద్ర వైద్య సంస్థ, బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ వంటి గుర్తింపు పొందిన కేంద్రాలకు వెళ్ళాలి.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం క్లాస్-1 తొలి పరీక్షలో ఇ.సి.జి. తప్పనిసరి. 30 నుంచి 50 ఏళ్ళ మధ్య కనీసం రెండేళ్ళకొకసారి, 50 దాటిన తరువాత ఏటా ఇ.సి.జి. తీయాలి. సందేహం కలిగితే ట్రెడ్‌మిల్, ఎకో పరీక్షలు చేస్తారు. క్యాబిన్ సిబ్బందికీ వైద్య అర్హత పరీక్షలు ఉన్నాయి.

మహిళల విషయంలో ప్రత్యేకత

ప్రయాణ సమయంలో విమానం లోపలి గాలి పీడనం దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయికి తగ్గవచ్చు. రక్తంలో ఆక్సిజన్ కొంత తగ్గినా ఆరోగ్యవంతులు సులభంగా తట్టుకుంటారు. రక్తహీనత ఉంటే గుండెపై భారం పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సకాలంలో చికిత్స తీసుకుంటే ఇది సాధారణంగా సరిదిద్దగల లోపమే.

ట్రెడ్‌మిల్ పరీక్షలో లేని జబ్బు ఉన్నట్లు కనిపించటం పురుషుల కంటే మహిళల్లో ఎక్కువ. అందువల్ల ఒక్క నివేదికతో ఆశ వదులుకోక, తదుపరి పరీక్షలు చేయించుకోవాలి.

గుండె పైగదుల మధ్య పుట్టుకతో వచ్చే రంధ్రం కూడా స్త్రీలలోనే అధికం. నవ రాయ్‌పూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి చిన్నారుల గుండె శస్త్రచికిత్సలను ఉచితంగా చేస్తోంది. రంధ్రం మూసిన తరువాత గుండె పనితీరు సక్రమంగా ఉంటే, నిపుణుల పరిశీలన అనంతరం అర్హత లభించే అవకాశం ఉంది. కాబట్టి బాల్యంలో జరిగిన చికిత్స పత్రాలను భద్రపరచాలి.

గర్భధారణ సమయంలో సమస్యలు లేని పైలట్‌కు 12వ వారం ముగింపు నుంచి 26వ వారం ముగింపు వరకే అర్హతను అంతర్జాతీయ ప్రమాణాలు పరిమితం చేస్తున్నాయి. గర్భిణిగా ఉన్నప్పుడు రక్తపోటు తీవ్రమైన వారికి తరువాతి కాలంలో గుండె జబ్బు ముప్పు ఎక్కువ. ఆ వివరం వైద్యులకు తెలియజేయాలి.

తాత్కాలిక అనర్హత నిషేధం కాదు

వైద్యులు తాత్కాలిక అనర్హతను ప్రకటించటం చికిత్సకు, పునఃపరీక్షకు గడువు ఇవ్వటమే. వృత్తి పోతుందన్న భయంతో లక్షణాలను దాచటం పైలట్‌కు, ప్రయాణికులకు ప్రమాదకరం. ధ్రువపత్రం గడువు మిగిలి ఉన్నా, ఆరోగ్యం క్షీణించినట్లు తెలిసిన పైలట్ విధులు నిర్వహించరాదన్నది నియమం. గుండె దడ, స్పృహ తప్పటం, మెట్లెక్కితే ఆయాసం వంటి లక్షణాలు కనిపిస్తే విధులకు దూరంగా ఉండి, విమానయాన వైద్యులను సంప్రదించాలి.