విశాఖసీమ: రాళ్లు చెప్పు చరిత్ర



అనకాపల్లికి చేరువ శంకరమను గ్రామము కలదు. దాని చెంత బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు గుట్టలున్నవి. చిరకాలము కనుమపండుగనాడు చుట్టుపట్ల పల్లెలవారు ఆ కొండయొద్ద చేరి, బొజ్జవలె ఉబ్బియున్న యొక కట్టడముపై రాళ్లు రువ్వుచుండిరి. అది రక్కసుని పొట్ట యని వారి నమ్మకము. నిజమున కది బౌద్ధుల కట్టడము. శంకరమనునది సంఘారామమను మాటకు వికృతి. బొజ్జన్న యనగా బుద్ధుడే. అలెగ్జాండరు రీ యను పురాతత్త్వజ్ఞుడు 1906-వ సంవత్సరప్రాంతమున అచట త్రవ్వింపగా విహారముల పునాదులు, నాణెములు, మట్టిముద్రలు బయల్పడినవి. ఆ రాళ్లు రువ్వుట యిటీవలి కాలమున మాన్పబడినది. మన పూర్వులు కొలిచిన దానినే మనము రక్కసుడని కొట్టుచుంటిమి! చరిత్ర మఱచినవారి కగు నష్టమునకు ఇంతకంటె నిదర్శన మేల? కావున విశాఖసీమ కథను మొదటినుండి సంగ్రహముగా మీకు విన్నవించెదను.

పూర్వ మీ సీమ కళింగదేశములోనిది. క్రీస్తునకు పూర్వము 261-వ సంవత్సరప్రాంతమున మగధచక్రవర్తియగు అశోకుడు కళింగముపై దండెత్తెను. లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు ఆ చక్రవర్తియే తన పదుమూడవ శిలాశాసనమున పశ్చాత్తాపముతో చెప్పుకొనెను. అయితే ఒక విశేషము గమనింపుడు. కళింగమందలి ధౌళి, జౌగడ శిలలపై మాత్రము ఆ శాసనము చెక్కబడలేదు. పుత్రశోకమున నున్న జనులకు వారి దుఃఖమునే మరల చదివి వినిపించుట తగదని తలచెను గాబోలు.

పిమ్మట బౌద్ధధర్మ మీ తీరమున వేరూనినది. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ యనునవి కలవు. తొట్లకొండ జాడ 1976-లో నౌకాదళమువారి విమానపరిశీలనమున తెలియవచ్చెను. 1988 మొదలు 1993 వఱకు జరిగిన త్రవ్వకములలో స్తూపములు, భిక్షువుల గదులు, భోజనశాల వెల్లడియైనవి. వాననీటిని నిలువచేయుటకు బండలలో తొలిచిన తొట్లే ఆ కొండకు పేరు తెచ్చినవి. అచట శాతవాహనుల సీసపు నాణెములతోపాటు రోమకచక్రవర్తుల వెండి నాణెములును దొరకినవి. ఇటలీదేశపు రోమునగర మెచట, మన భీమిలితీర మెచట! మనకు రేవు 1933-లో క్రొత్తగా వచ్చినదని తలంతుము గాని, రెండువేల యేండ్లకు పూర్వమే దూరదేశపు ధనము ఈ తీరమునకు చేరినదని ఆ నాణెములు సాక్ష్యమిచ్చుచున్నవి.

తరువాత గాంగవంశపురాజులు కళింగనగరము, అనగా నేటి శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగము, రాజధానిగా నేలిరి. వారిలో అనంతవర్మచోడగంగదేవుడు పూరీ జగన్నాథాలయ నిర్మాణమునకు పూనుకొనెను. 13-వ శతాబ్దిలో మొదటి నరసింహదేవుడు సింహాచలమున నేటి ఆలయమును నిర్మింపజేసెను. కోణార్క సూర్యాలయమును కట్టించినవాడును ఇతడే.

సింహాచలాలయపు గోడలు, స్తంభములు రాతిపుస్తకముల వంటివి. వానిలో తొలిది 1098-99 నాటిది. దానమిచ్చినవాడు రాజు గాదు, సామాన్యుడొకడు. ఆ శాసనములందు అఖండదీపములకై ధనమును, గోవులను ఒసగినవారి పేర్లు పెక్కు కలవు. 1516-లో శ్రీకృష్ణదేవరాయలు గజపతిపై దండెత్తివచ్చి, సింహాద్రినాథుని సేవించి, ఆభరణము లర్పించి, శాసనము వ్రాయించెను. పొట్నూరున జయస్తంభము నాటించెను. రాజ్యముకొఱకు పోరినవారును దేవునియెదుట వైరము మఱచిరి.

గజపతుల పిమ్మట గోలకొండ సుల్తానులును, ఆపై మొగలాయీలును ఈ సీమ నేలిరి. 17-వ శతాబ్దిలో డచ్చివారు భీమునిపట్టణమునను, ఆంగ్లేయులు విశాఖపట్టణమునను వర్తకశాలలు నెలకొల్పిరి. 1757 జనవరి 24-న జరిగిన బొబ్బిలియుద్ధమును మీరు బుఱ్ఱకథలందు వినియే యున్నారు. కాని పద్మనాభయుద్ధము వినినవారు తక్కువ. కుంపిణీవారు పేష్కషు బాకీ పేరిట విజయనగరమును వశపఱచుకొని, చినవిజయరామరాజును మచిలీపట్టణమునకు పొమ్మని ఆజ్ఞాపించిరి. ఆయన పోక పద్మనాభమున నిలిచెను. 1794 జూలై 10-న గడియసేపటి పోరులో రాజును, ఆయనను విడువని సామంతులును నేలకొరగిరి. పసివాడగు కుమారుడు నారాయణబాబునకు కొండదొరలు ఆశ్రయమిచ్చిరి. రాజ్యము పోయినను మాట పోనీయని మన్యపుజనుల యుదారత ఇట్టిది.

1802-లో శాశ్వతపైసలా వచ్చినది. జమీందారునకు శిస్తు శాశ్వతముగా నిర్ణయమైనది గాని, రైతునకు ఆ నిబ్బరము కలుగలేదు. జమీందారీలు 1948 చట్టముతో రద్దయినవి. అంతకుమునుపు, 1922 ఆగస్టు 22-న చింతపల్లి ఠాణాపై దాడితో అల్లూరి సీతారామరాజు మన్యమున విప్లవము లేవదీసి, 1924 మే 7-న ప్రాణమర్పించెను.

ఆధునికకాలము మీరెఱిగినదే. 1933-లో రేవు తెఱవబడినది. 1942 ఏప్రిలు 6-న జపానువారి బాంబులు పడగా పట్టణవాసులు పల్లెలలో తలదాచుకొనిరి. 1948 మార్చి 14-న జలఉష యను నౌకను నెహ్రూగారు సముద్రమున విడిచిరి. 1966-లో ఉక్కు కర్మాగారమునకై ఆంధ్రదేశ మంతయు కదలినది. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. కాల్పులలో ప్రాణములు పోయినవి. 1971-లో శంకుస్థాపన జరిగి, 1992-లో ఆ కర్మాగారము జాతికి అంకితమైనది. దానికై 64 గ్రామములవారు ఇండ్లను, పొలములను విడిచిరి. ప్రాణములు బాసినవారిని స్మరించుచున్నాము. ఊళ్లు విడిచినవారిని స్మరించుచున్నామా? ఆ పల్లెలందు చెఱువున కేమి పేరు, గ్రామదేవత యెవరు, జాతర యే నెలలో జరిగెడిది? రాజుల పేర్లను రాళ్లు దాచినవి. ఈ పేర్లను దాచుటకు రాయియైనను లేదు. వృద్ధుల జ్ఞాపకమే కలదు.

కావున గ్రామపెద్దలారా, నా ప్రార్థన రెండు మాటలు. మీ గుడిలోగాని చెఱువుగట్టున గాని అక్షరములున్న రాయి కనిపించినచో దానికి సున్నము పూయకుడు, పగులగొట్టి పునాదిలో వేయకుడు, పురాతత్త్వశాఖవారికి తెలుపుడు. రెండవది, మీ యూరి కథను బడిపిల్లవానిచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. మీరు చెప్పవలసినది మీరు చెప్పకపోయినచో, రేపటివారు దేనిపై రాళ్లు రువ్వుదురో యెవరెఱుగుదురు?

స్వస్తి.