చేతికర్ర నుండి కల్పిత వీథి వరకు: అల్పదృష్టి గలవారికి నడక నేర్పిన చరిత్ర

చూపు బాగుగా ఉన్నవారికీ, బొత్తిగా లేనివారికీ నడుమ పెద్ద సమూహం ఒకటి ఉంది. కళ్ళజోడు పెట్టుకొన్నా, శస్త్రచికిత్స చేయించుకొన్నా మెరుగైన కంటిలో సైతం చూపు 6/18 కంటె తక్కువగా మిగిలిపోయినవారు, దృష్టిక్షేత్రం చూపు నిలిపిన బిందువు నుండి 10 డిగ్రీల లోపునకు కుంచించుకుపోయినవారు ఈ కోవలోనికి వస్తారు. దీనిని అల్పదృష్టి అంటారు. గ్లకోమా ముదిరినవారు, మధుమేహం వలన రెటీనా దెబ్బతిన్నవారు, రేచీకటితో మొదలై క్రమేణా గొట్టంలో నుండి చూస్తున్నట్లయ్యే రెటినైటిస్ పిగ్మెంటోజా ఉన్నవారు, వయసు పైబడి మాక్యులా క్షీణించినవారు ఇందులో ఎక్కువ.

వీరి కష్టం ఇంట్లోవారికి కూడా ఒక పట్టాన అర్థం కాదు. దృష్టిక్షేత్రం కుంచించుకుపోయిన మనిషి పత్రిక చదువుతాడు, లేచి రెండడుగులు వేయగానే ముక్కాలిపీటకు తన్నుకొంటాడు. మాక్యులా చెడిన మనిషి వరండాలో హాయిగా తిరుగుతాడు గాని, ఎదురైన బంధువు మొగం పోల్చుకోలేక గర్విష్ఠి అనిపించుకొంటాడు. ‘కనబడుతోందిగా!’ అన్న మాట వీరు వినని రోజుండదు. క్రమంగా వీథిలోనికి వెళ్ళడం మానివేస్తారు. రోడ్డు దాటడమంటే భయం పట్టుకొన్న తరవాత ఉద్యోగం, బజారు, స్నేహాలు ఒకటొకటిగా జారిపోతాయి. ఇట్టివారికి నడక నేర్పే విద్య ఒకటుందని మన వారిలో చాలమందికి తెలియదు.

తెల్ల చేతికర్ర మొదట నడకకై పుట్టినది కాదు, అది ఎదుటివారికి ఒక సూచన. ప్రమాదంలో చూపు పోయిన బ్రిస్టల్ నగరపు ఛాయాగ్రాహకుడు జేమ్స్ బిగ్స్ 1921లో తన కర్రకు తెల్లరంగు వేసుకొన్నాడు, బండ్లవారికి తాను కనబడాలని. 1930లో అమెరికాలోని పియోరియా లయన్స్ క్లబ్బు, 1931లో పారిస్‌లో గియీ దెర్బెమోఁ అనే మహిళ ఈ తెల్లకర్రను ప్రచారంలోనికి తెచ్చారు. ఆ కర్రతో దారిని ఎలా శోధించాలన్నది మాత్రం ఎవరూ శాస్త్రీయంగా చెప్పలేదు.

చెప్పించినది రెండవ ప్రపంచయుద్ధం. చూపు పోగొట్టుకొన్న అమెరికా సైనికులను పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక వైద్యశాలకు తరలించారు. వారు ఇరవై ఏళ్ళ యువకులు, ఒకరి భుజం పట్టుకొని నడవడానికి మనసొప్పనివారు. అంధుల పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి సైన్యంలో చేరిన రిచర్డ్ హూవర్ అక్కడ 1944 ప్రాంతంలో ఒక పద్ధతి కనిపెట్టాడు. బరువు మోసే పొట్టి ఊతకర్రను ప్రక్కన పెట్టి, రొమ్ము ఎముకనందుకొనేంత పొడవున్న తేలికైన సన్నని కర్రను తీసుకొన్నాడు. దానిని భుజాల వెడల్పు కంటె కొంచెం ఎక్కువగా, చాపంలా ఇటూ అటూ ఊపాలి. ఎడమపాదం ముందుకు పడేటపుడు కర్ర కొన కుడివైపు నేలను తాకాలి, కుడిపాదం పడేటపుడు ఎడమవైపు. అనగా తరువాతి అడుగు పడే చోటును కర్ర ముందే చూసి చెబుతుందన్నమాట. వినడానికి ఇంతే. గాని నేటికీ ప్రపంచమంతటా నేర్పుతున్నది ప్రధానంగా ఈ పద్ధతినే. హూవర్ తరవాత వైద్యవిద్య చదివి నేత్రవైద్యుడయ్యాడు. యుద్ధంలో చూపు కోల్పోయి వ్యాలీ ఫోర్జ్‌లో కోలుకొన్న రసెల్ విలియమ్స్ నాయకత్వాన 1948లో షికాగో సమీపపు హైన్స్ వైద్యశాలలో మాజీ సైనికులకు పునరావాస కేంద్రం వెలసింది. 1960లో బోస్టన్ కళాశాలలో ఈ విద్యకు స్నాతకోత్తర శిక్షణ మొదలయింది.

ఇదంతా ప్రధానంగా చూపు పూర్తిగా లేనివారి కథ. మరి కొంత చూపు మిగిలినవారి మాటేమిటి? ఇక్కడ వైద్యవృత్తి చరిత్ర అంత గర్వపడదగినది కాదు. వాడితే కన్ను అరిగిపోతుందన్న భావన ఇరవయ్యవ శతాబ్ది తొలి అర్ధభాగమంతా రాజ్యమేలింది. చూపును ‘పొదుపు’ చేసే ప్రత్యేక తరగతులే పెట్టారు. మందమైన చూపుగల పిల్లలను కళ్ళు వాడవద్దని వారించి, వ్రేళ్ళతో చదవమన్నారు. 1964లో నటలీ బరాగా అనే అమెరికా విద్యావేత్త తన పరిశోధనలో దీనిని త్రోసిపుచ్చింది. మిగిలిన కొద్దిపాటి చూపునైనా క్రమపద్ధతిలో వాడుక నేర్పితే పిల్లలు దానిని మరింత బాగా ఉపయోగించుకొంటారని చూపింది. కంటి కొలత మారలేదు, మారినది కంటితో చేయగల పని. అల్పదృష్టి చికిత్సకు పునాది ఈ భేదమే.

ఇక రెండవ పాయ. 1934లో అమెరికా సైనిక విమానదళం తపాలా రవాణాను చేపట్టినపుడు, మబ్బులలోనూ చీకటిలోనూ వెలుపల ఏమీ కనబడక వైమానికులు వరుసగా ప్రాణాలు కోల్పోయారు. కేవలం పరికరాలను నమ్మి నడిపే ఆ విద్యను ఆ రోజులలో ‘గుడ్డి ప్రయాణం’ అనే అనేవారు! ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కుటుంబంలో పుట్టిన ఎడ్విన్ లింక్ అప్పటికే కొలిమితిత్తుల వంటి గాలితిత్తులతో కదిలే ఉత్తుత్తి విమానాన్ని నిర్మించి ఉన్నాడు. సైన్యం అటువంటివి ఆరు కొన్నది. నేలమీద పొరపాట్లు చేసి నేర్చుకొంటే గాలిలో చావనక్కరలేదన్నది అందులోని సూత్రం. 1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకొనే తెరలతో, తల త్రిప్పినకొద్దీ మారే దృశ్యాన్ని సృష్టించాడు. ఆ యంత్రభాగాన్ని పైకప్పు నుండి వ్రేలాడదీయవలసి వచ్చింది. నేడు అంగడిలో దొరికే వర్చువల్ రియాలిటీ సాధనాలకు మూలపురుషుడు అతడే.

ఈ రెండు పాయలూ కలిసిన చోట్లలో ఒకటి బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం. ఎలెన్ బోమన్, లే ల్యూ అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నవారు పన్నెండుగురే. వారందరూ రోడ్డుకు ఆవలనున్న పాదచారుల సిగ్నలును చూడలేనంత చూపు తగ్గినవారు. సిగ్నలు కనబడకపోయినా, తమ ప్రక్క వరుసలో ఆగియున్న కార్లు ఒక్కసారిగా కదలడం కొంత కనబడుతుంది, వినబడుతుంది. ఆ కదలికే దాటడానికి తరుణమని నిపుణుడు నేర్పాడు. నలుగురికి నిజమైన వీథిలో, ఎనిమిదిమందికి మూడు పెద్ద తెరలపై ప్రదర్శించిన కల్పిత వీథిలో శిక్షణ ఇచ్చారు. పరీక్ష మాత్రం అందరికీ నిజమైన వీథిలోనే. దాటవచ్చుననిపించిన క్షణాన ‘గో’ అనాలి. శిక్షణకు ముందు ఆ పిలుపులలో సగానికి పైగా దాటకూడని సమయంలోనే వచ్చాయి. శిక్షణ తరవాత 90 శాతం దాటడానికిచ్చిన వ్యవధిలోని మొదటి సగంలో వచ్చాయి. రెండు బృందాల మెరుగుదలలో తేడా కనబడలేదు.

పన్నెండుగురితో లోకాన్నంతటినీ తేల్చలేము. కాని దీని విలువను తక్కువగా అంచనా వేయకూడదు. నిజమైన కూడలిలో తొలి తప్పే తుది తప్పు కావచ్చు. కల్పిత కూడలిలో అదే దృశ్యాన్ని ఎన్నిసార్లయినా తిరిగి చూపవచ్చు, కార్ల వేగం తగ్గించవచ్చు, వాన, ఎండ, సంధ్యవెలుగు సృష్టించవచ్చు. చూపు పూర్తిగా లేనివారిని కూడా 2018లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మరువలేదు. కల్పిత గోడ అడ్డువచ్చినపుడు చేతికర్ర నిజంగా ఆగిపోయేటట్లు, తగిలిన వస్తువును బట్టి అదురు, శబ్దం వచ్చేటట్లు ఒక సాధనం నిర్మించారు.

అయితే అలబామా పాఠాన్ని అట్లే తెచ్చి కోఠి కూడలిలోనో, బెజవాడ బెంజి సర్కిల్‌లోనో పెడితే చెల్లదు. ప్రక్క వరుస కదిలినదంటే ఎదుటి వరుస ఆగినదనే నమ్మకం మీద ఆ పాఠమంతా నిలిచి ఉంది. మన దగ్గర ఆకుపచ్చ దీపం రాకముందే స్కూటర్లు ఉరుకుతాయి, హారన్ల మోతలో ఇంజన్ల చప్పుడు మునిగిపోతుంది, ఎదురుగా తప్పు దిక్కున ఆటో వస్తుంది. మన కూడలులను మన శబ్దాలతో, మన క్రమరాహిత్యంతో చిత్రించి, ఇక్కడి అల్పదృష్టి గలవారితోనే పరీక్షించవలసి ఉంటుంది. తలకు తగిలించుకొనే సాధనాలతో కొందరికి తలతిప్పు, వికారం కలుగుతాయి. కూర్చొని మీట నొక్కి ‘నడవడం’, పాదాలతో నడవడం ఒకటి కావు.

ఇంకొక సంగతి. అలబామాలో రెండు బృందాలకూ పాఠం చెప్పినది యంత్రం కాదు, శిక్షణ పొందిన మనిషి. మన దేశంలో అట్టి శిక్షకులే కొరత. చికిత్సతో ఇక చూపు పెరగదని వైద్యుడు చెప్పినపుడు, ‘ఉన్న చూపుతో నడవడం నేర్పేవారెక్కడున్నారు?’ అన్న ప్రశ్న రోగి గాని, వెంట వచ్చినవారు గాని అడగవచ్చు. 1987లో హైదరాబాదులో మొదలయిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో దృష్టి పునరావాస విభాగం ఉంది. అల్పదృష్టి గలవారు పోవలసినది అటువంటి విభాగానికే.