మనసు నిమ్మళానికి మత్తు: ఒక పరిశోధన చరిత్ర

హైదరాబాదు నుండి విజయవాడ పోయే రహదారి మీద నార్కెట్‌పల్లి దాటిన తరువాత కట్టంగూర్ వస్తుంది. రెండు పక్కలా మెట్టపొలాలు, గట్ల మీద తాటిచెట్లు. పొద్దు వాలేసరికి పనులనుండి వచ్చినవారిలో కొందరు ఇల్లు చేరకముందే కల్లు దుకాణం చేరుతారు. మా ఇంటి పక్కన ఉండే ముసలాయనను ఒకనాడు, “రోజూ తాగకపోతే ఏమి తాతా?” అని అడిగాను. “తాగితేనే మనసు నిమ్మళమైతది బిడ్డా” అన్నాడు. మాట చిన్నదే. కాని 1940ల నుండి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలల్లో పరీక్షిస్తూ వచ్చినది సరిగ్గా ఈ మాటనే. మత్తు నిజంగా మనసును నిమ్మళపరుస్తుందా? పరిస్తే ఎంతసేపు?

కోపం, దుఃఖం, భయం, విసుగు మొదలైనవాటిని ఉద్వేగాలు అంటాము. అవి ఎంతవరకు పెరగాలో, ఎట్లా వెలిబడాలో మనిషి తనకు తాను సరిదిద్దుకొనడం ఉద్వేగ నియంత్రణ. ఇందుకు కొందరు నలుగురితో మాట్లాడుతారు, కొందరు పనిలో పడతారు, కొందరు సీసా అందుకొంటారు.

తొలి సాక్ష్యం పిల్లుల నుండి వచ్చింది. 1946లో అమెరికాలో మాసర్మన్, యమ్ అనే పరిశోధకులు కొన్ని పిల్లులకు ఒక పెట్టె తెరచి ఆహారం తినడం నేర్పారు. తరువాత అవి తినబోయేవేళ ముఖం మీదికి గాలిని విసురుగా కొట్టించారు. పిల్లులు బెదిరి, ఆకలి వేసినా పెట్టె దగ్గరికి పోవడం మానుకొన్నాయి. ఆల్కహాలు ఇవ్వగా బెదురు తగ్గి మళ్లీ తినసాగాయి. అంతేకాదు, బెదిరిన పిల్లులలో కొన్ని మామూలు పాలకంటె ఆల్కహాలు కలిపిన పాలనే కోరుకొన్నాయి. బెదురు తీరిన తరువాత ఆ కోరికా పోయింది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆల్కహాలు భయాన్ని తగ్గించిందా, లేక ఆకలిని పెంచిందా? ఈ రెంటినీ విడదీసినవాడు జాన్ కాంగర్. ఆయన 1951లో ప్రకటించిన ప్రయోగం విద్యార్థులు తప్పక తెలుసుకొనదగినది. ఆకలిగొన్న ఎలుకలకు ఒక సన్నని దారి చివర ఆహారం పెట్టి, అక్కడికి చేరినపుడు విద్యుదాఘాతం తగిలించాడు. అవి ముందుకు పోలేక, వెనుకకు రాలేక నడిమధ్య ఊగులాడాయి. ఆల్కహాలు ఎక్కించిన ఎలుకలు మాత్రం త్వరగానే ఆహారాన్ని చేరాయి. అప్పుడు కాంగర్ కొన్ని ఎలుకలకు ఆహారపు ఆశ మాత్రమే, మరికొన్నింటికి విద్యుదాఘాతపు భయం మాత్రమే నేర్పి, వాటి నడుముకు పట్టీ కట్టి, ఎంత బలంగా లాగుతున్నవో కొలిచాడు. ఆల్కహాలు ఇచ్చినపుడు ఆహారం వైపు లాగే బలం అంతగా మారలేదు. భయంతో పారిపోయే బలం మాత్రం బాగా తగ్గిపోయింది. దీని మీద ఆధారపడి 1956లో ఆయన ఒక సిద్ధాంతం చెప్పాడు: తాగుడు కలతను తగ్గిస్తుంది, ఆ ఉపశమనమే బహుమానమై మళ్లీ తాగేటట్లు చేస్తుంది.

మా తాత మాట నెగ్గినట్లే కనబడుతున్నది గదా! కాని ఎలుక ఒక్కసారి తాగింది, తాత రోజూ తాగుతాడు. 1960ల నుండి జాక్ మెండెల్సన్, నాన్సీ మెలో మొదలైనవారు చాలాకాలంగా తాగుడుకు అలవాటుపడిన మనుషులను ఆసుపత్రిలోనే ఉంచి, అక్కడే తాగనిచ్చి, రోజుల తరబడి గమనించారు. తాము ఉల్లాసం కోసమే తాగుతామని వారు చెప్పేవారు. రోజులు గడిచినకొద్దీ వారిలో ఆందోళన, దిగులు పెరిగాయేగాని తగ్గలేదు. చిత్రమేమంటే, మత్తు దిగిన తరువాత వారికి గుర్తున్నది మాత్రం మొదటి గుటకల సుఖమే.

ఈ వైరుధ్యానికి 1974లో సాలమన్, కార్బిట్ అనే శాస్త్రజ్ఞులు ఒక వివరణ ఇచ్చారు. శరీరం ఏ ఒక్క వైపుకూ ఒరిగి ఉండటానికి ఒప్పుకోదు. మత్తు మనసును ఒక వైపుకు లాగితే, లోపల ఒక ఎదురుచర్య దానిని రెండవ వైపుకు లాగుతుంది. మత్తు ఎన్నిసార్లు వచ్చినా దాని బలం పెరగదు. ఎదురుచర్య మాత్రం ప్రతిసారీ బలపడి, త్వరగా మొదలై, ఆలస్యంగా వదలుతుంది. కొంతకాలానికి మనిషి సుఖం కోసం తాగడం మాని, తాగకపోతే కలిగే బాధను ఆపడానికి తాగుతాడు. తాతకు కావలసిన నిమ్మళం అప్పటికి ఇతరులకు తాగకుండానే ఉండే స్థితి.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఈ కథ కల్లుతో ఆగలేదు. చెట్టు నుండి దించిన కల్లులో, ఈస్టు పులియబెట్టగా, సాధారణంగా నాలుగైదు శాతం ఆల్కహాలు ఉంటుంది. చెట్లు చాలనిచోట నీళ్లు, సాకరిన్ కలిపి, మత్తు కోసం మందులు వేసే దురాచారం ప్రబలింది. (ఈ తప్పును తెల్లవారుజామున చెట్టెక్కే గీతకార్మికుని మీద వేయడం న్యాయం కాదు.) ఎక్సైజు దాడులలో పలుమార్లు పట్టుబడిన ఆ మందులు మూడు. క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేయగా, 1869లో లీబ్రైఖ్ నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. డయజిపామ్ 1963లో వేలియం అనే పేరుతో అమెరికా మార్కెట్టుకు వచ్చింది. అల్ప్రజోలం 1981లో వచ్చింది. మనిషి ఆందోళనను, నిద్రలేమిని తగ్గించడానికి వైద్యులు కోరుకొన్న మందులే గట్టు మీది కుండలో కలిశాయి.

ఆల్కహాలుతోపాటు ఈ మూడూ మెదడులో ఒకే చోట పనిచేస్తాయి. నాడీకణాల ఉద్రేకాన్ని అణచడానికి మెదడులో గాబా అనే రసాయనం ఉన్నది. అది తన గ్రాహకాన్ని తాకితే క్లోరైడు అయానులు కణంలోకి ప్రవేశించి కణం శాంతిస్తుంది. ఈ మందులు ఆ పనికి మరింత బలమిస్తాయి. నెలల తరబడి ఇట్లా జరిగితే మెదడు తన సర్దుబాటు తాను చేసుకొని, గాబాకు లొంగడం తగ్గించి, ఉద్రేకించే వైపును పెంచుతుంది. అప్పుడు మందును హఠాత్తుగా ఆపితే పగ్గం తెగిన గిత్త వంటి స్థితి: చేతుల వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనబడటం, ఒక్కొక్కసారి మూర్ఛలు, ప్రాణాపాయం కూడా. అల్ప్రజోలం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు. డయజిపామ్‌కు ఒక రోజు పైనే పడుతుంది. కనుకనే అల్ప్రజోలం కలిసిన కల్లు తాగినవానికి మరునాటికే ఒళ్లు ఆగదు.

2015 సెప్టెంబరులో కల్తీకల్లు మీద దాడులు ముమ్మరమైనపుడు తెలంగాణ జిల్లాలలో జరిగినది ఇదే. దుకాణాల్లో మందు కలపడం ఆగిపోగానే అనేకులు పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినపుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. “తాగుడు మానితే మంచిదే గదా, వీళ్లకేమైంది?” అని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. ప్రశ్న సహజమైనది. మానడం మంచిదే; రాత్రికి రాత్రి, వైద్యుడు లేకుండా మానడం ప్రమాదకరం. ఇటువంటివారికి తరచు ఇచ్చే చికిత్స ఏదో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొలిచిన మోతాదులో అదే జాతి మందును, తరచుగా డయజిపామ్‌నే, ఇచ్చి కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతారు.

మందు దిగిన తరువాత మొదటి కలత ఎక్కడికి పోతుంది? సియాటిల్‌లో అలన్ మార్లాట్ వంటివారు తిరిగి తాగుడులో పడినవారిని పరిశీలించగా, దాదాపు మూడవ వంతు సందర్భాలలో కోపం, దిగులు, విసుగు వంటివే కారణాలుగా కనబడ్డాయి. ఉద్వేగాన్ని లోపల అణచిపెట్టితే చాలునా అంటే, చాలదు. 1990లలో జేమ్స్ గ్రాస్ జుగుప్స కలిగించే చలనచిత్రాన్ని చూపి, ముఖంలో ఏమీ కనబడనీయవద్దని కొందరితో చెప్పాడు. ముఖం కదలలేదుగాని, శరీరంలోని ఉద్రేక సూచనలు ఇంకా పెరిగాయి. చూస్తున్నదానిని వైద్యుని దృష్టితో చూడమని చెప్పినవారికి మాత్రం జుగుప్సే తగ్గింది. 2006లో మార్లాట్ బృందంలోని సారా బొవెన్ మొదలైనవారు, జైలులో పది రోజుల విపశ్యన ధ్యానం చేసిన ఖైదీలు విడుదలైన మూడు నెలలకు తక్కువగా తాగుతున్నట్లు ప్రకటించారు. ధ్యానాన్ని తమంతట తామే ఎంచుకొన్నవారు వారు. కనుక ఫలితమంతా ధ్యానానిదే అనడానికి వీలులేదు. ఆ విపశ్యన కేంద్రం ఒకటి మన జిల్లాలోని నాగార్జునసాగర్‌లోనూ ఉన్నది.

మా తాతకు 2020లో ఆ వణుకు వచ్చింది. కొడుకు ఆసుపత్రికి తీసుకొనిపోగా, కొన్ని వారాలు మాత్రలు తగ్గిస్తూ ఇచ్చారు. ఇప్పుడు వణుకు లేదు. పొద్దు వాలేవేళ మాత్రం కష్టమేనట. ఆ సమయానికి బర్రెలకు గడ్డి వేసి, కొట్టం దగ్గరే చాలాసేపు నిలబడి, దుకాణం వైపు పోయేవాళ్లంతా దాటిపోయాక లోపలికి వస్తాడు.