గుర్రపు స్వారీ పోటీల్లో పిల్లలు: హెల్మెట్ ఒక్కటే చాలదు.. తల్లిదండ్రులు ఏమేం చూడాలి?

2016 మార్చి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, స్కోన్ పట్టణం. ఈవెంటింగ్ పోటీల్లో క్రాస్‌కంట్రీ రౌండ్ జరుగుతోంది. 17 ఏళ్ల అమ్మాయి స్వారీ చేస్తున్న గుర్రం అడ్డంకి దగ్గర పల్టీ కొట్టి ఆమె మీదే పడింది. ఆ అమ్మాయి బతకలేదు. రెండు నెలలు తిరక్కముందే సిడ్నీ పోటీల్లో 19 ఏళ్ల మరో రైడర్ ఇలాంటి ప్రమాదంలోనే చనిపోయింది.

ఇద్దరూ కొత్తగా గుర్రం ఎక్కినవాళ్లు కాదు. పోటీ స్థాయికి ఎదిగిన రైడర్లే. ఈ రెండు మరణాలపై కలిపి జరిగిన కరోనర్ విచారణ 2019లో ముగిసింది. అడ్డంకులు ఎలా కట్టారు, పోటీకి ముందు భద్రత ఎవరు చూశారు, పడ్డాక వైద్య సాయం ఎలా అందింది అన్న ప్రశ్నలే అందులో ప్రధానంగా చర్చకు వచ్చాయి. గుర్రం మీంచి ఎప్పుడో ఒకప్పుడు పడటం ఖాయం. కానీ ఆ పడటం చిన్న గాయంతో పోతుందా, ప్రాణం మీదికి వస్తుందా అన్నది చాలావరకు పెద్దవాళ్లు ముందే తీసుకున్న నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది.

మన దగ్గర కూడా ఈ ఆటపై ఆసక్తి పెరుగుతోంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు డ్రెసాజ్‌లో స్వర్ణం గెలిచింది. గుర్రపు స్వారీలో 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారు పతకం అది. హైదరాబాద్ శివార్లలోనూ పిల్లలకు స్వారీ నేర్పే స్కూళ్లు ఉన్నాయి. అందుకే ఇందులో రిస్క్ ఎక్కడెక్కడ ఉందో తల్లిదండ్రులు తెలుసుకోవడం అవసరం.

పిల్లలకే ఎక్కువ ముప్పు ఎందుకు?

లెక్క సింపుల్. గుర్రం బరువు మామూలుగా 400 నుంచి 600 కిలోలు. పదేళ్ల పిల్లాడి బరువు 30 కిలోల చుట్టుపక్కల. జీను మీద కూర్చున్నాక పిల్లల తల నేలకు రెండు మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి, అదీ పరుగులో ఉన్న జంతువు మీంచి పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది.

పైగా పిల్లల శరీరంతో పోలిస్తే తల సైజు పెద్దది, మెడ కండరాలు బలహీనం. ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే భాగాలు ఇంకా మెత్తగానే ఉంటాయి. పడేటప్పుడు చెయ్యి ఆనించడం సహజం కాబట్టి మణికట్టు, ముంజేయి విరగడం ఎక్కువగా కనిపిస్తుంది. అసలు భయపడాల్సింది తల, మెడ, కడుపు లోపలి గాయాల గురించి.

ఇంకో విషయం చాలామంది గమనించరు. ప్రమాదాలన్నీ గుర్రం ఎక్కాకే జరగవు. లాయంలో మాలిష్ చేస్తున్నప్పుడు, జీను బిగిస్తున్నప్పుడు, వెనక నుంచి నడిచి వెళ్తున్నప్పుడు గుర్రం తన్నొచ్చు. పెద్దవాళ్లకు తొడకు తగిలే తన్ను, పిల్లల ఎత్తుకు కడుపులోనో ముఖం మీదో తగులుతుంది. అందుకే కింద ఉన్నప్పుడు కూడా హెల్మెట్ తీయొద్దని కోచ్‌లు చెబుతారు.

రొటేషనల్ ఫాల్ అంటే ఏంటి?

స్వారీ పోటీల్లో అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇదే. క్రాస్‌కంట్రీలో అడ్డంకులు గట్టిగా, కదలకుండా ఉంటాయి. దూకేటప్పుడు గుర్రం ముందు కాళ్లు అడ్డంకికి తగిలి ఆగిపోతే, వెనక భాగం అదే వేగంతో పైకి లేచి గుర్రం మొత్తం పల్టీ కొడుతుంది. రైడర్ ముందు పడతారు, మీద గుర్రం పడుతుంది. స్కోన్‌లో జరిగింది ఇదే.

బ్రిటన్‌లో 1999 ఒక్క సీజన్‌లోనే ఐదుగురు ఈవెంటింగ్ రైడర్లు చనిపోయారు. దాంతో అడ్డంకుల డిజైన్ మీద పరిశోధన మొదలైంది. గట్టి దెబ్బ తగిలితే విరిగి, దుంగను కిందికి జారనిచ్చే ఫ్రాంజిబుల్ పిన్నులు అలా వచ్చాయి. షో జంపింగ్‌లో కర్రలు ఊరికే ఆనించి ఉంటాయి, తగిలితే పడిపోతాయి. వెడల్పు అడ్డంకుల్లో వెనక కర్రకు బరువు పడగానే విడిపోయే సేఫ్టీ కప్పులు పెట్టాలన్నది అంతర్జాతీయ నిబంధన.

హెల్మెట్, వెస్ట్.. ఏది ఎంతవరకు కాపాడుతుంది?

హెల్మెట్: తప్పనిసరి. అందులో రెండో మాట లేదు. 2010లో అమెరికా ఒలింపిక్ రైడర్ కోర్ట్నీ కింగ్ డై హెల్మెట్ లేకుండా శిక్షణ ఇస్తుండగా గుర్రం పడి, వారాల తరబడి కోమాలో ఉన్నారు. ఆ తర్వాతే హెల్మెట్ ప్రచారం ఊపందుకుంది. టాప్ హ్యాట్ సంప్రదాయం ఉన్న డ్రెసాజ్‌లో కూడా 2021 నుంచి అంతర్జాతీయ పోటీల్లో హెల్మెట్ తప్పనిసరైంది. సైకిల్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్ దీనికి పనికిరావు. స్వారీ కోసం ప్రత్యేకంగా తయారై, ఏఎస్‌టీఎం ఎఫ్1163, పాస్ 015 లాంటి ప్రమాణం ముద్ర ఉన్నదే కొనాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిందంటే పైకి పగులు కనిపించకపోయినా మార్చేయాలి.

అయితే హెల్మెట్ మెడను కాపాడలేదు. 'సూపర్‌మ్యాన్' హీరో క్రిస్టఫర్ రీవ్ 1995లో వర్జీనియాలో క్రాస్‌కంట్రీ పోటీలో పడినప్పుడు ఆయన తల మీద హెల్మెట్ ఉంది. మెడ పై ఎముకలు విరిగి జీవితాంతం కుర్చీకే పరిమితమయ్యారు.

బాడీ ప్రొటెక్టర్: ఛాతీ, వీపు మీద పడే దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. క్రాస్‌కంట్రీలో ఇది తప్పనిసరి. కానీ 500 కిలోల గుర్రం మీద పడితే ఆపే శక్తి దీనికి లేదు. పిల్లలు ఎదుగుతుంటారు కాబట్టి 'వచ్చే ఏడాదికి కూడా వస్తుందిలే' అని వదులుగా కొంటే ఉపయోగం ఉండదు.

ఎయిర్ వెస్ట్: జీనుకు తాడుతో కట్టి ఉంటుంది. రైడర్ పడగానే తాడు లాగి గ్యాస్‌తో ఉబ్బుతుంది. అంతర్జాతీయ క్రాస్‌కంట్రీలో దీన్ని బాడీ ప్రొటెక్టర్ మీద అదనంగా వేసుకోవాలే తప్ప, దాని బదులు వాడటానికి లేదు.

రికాబు, బూట్లు: పాదం రికాబులో ఇరుక్కుంటే గుర్రం పిల్లల్ని ఈడ్చుకుపోతుంది. చిన్న మడమ ఉన్న బూట్లు, పక్కన రబ్బరు బ్యాండుతో తెరుచుకునే సేఫ్టీ రికాబులు ఇందుకోసమే. స్పోర్ట్స్ షూ, చెప్పులతో ఎక్కించకూడదు.

'ఏం కాలేదులే, ఎక్కు'.. ఈ మాటే ప్రమాదం

పడిన వెంటనే మళ్లీ ఎక్కిస్తే భయం పోతుందని ఓ పాత నమ్మకం. తలకు దెబ్బ తగిలి ఉంటే ఇది చాలా తప్పు. మెదడు అదిరిన అనుమానం ఉన్నా ఆ రోజు మళ్లీ ఆడించకూడదన్నది క్రీడా వైద్యంలో అన్ని ఆటలకూ ఉన్న నియమం. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా, డాక్టర్ సరేనన్నాకే మెల్లగా మొదలుపెట్టాలి. అంతర్జాతీయ ఈవెంటింగ్‌లో క్రాస్‌కంట్రీలో పడితే ఆ రౌండ్ అక్కడితో ముగిసినట్టే. డాక్టర్ చూశాకే మళ్లీ ఏదైనా.

పదే పదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, ఫిట్స్, అడిగిందే అడగడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే పిల్లల్ని లేపి కూర్చోబెట్టొద్దు. శ్వాసకు అడ్డం లేనంతవరకు హెల్మెట్ కూడా లాగొద్దు. అంబులెన్స్ సిబ్బంది వచ్చేదాకా కదలకుండా చూడాలి.

వయసు నిబంధన ఏం చెబుతోంది?

అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ పోటీల్లో చిల్డ్రన్ కేటగిరీ 12 ఏళ్ల నుంచి 14 ఏళ్ల వరకు, జూనియర్స్ 14 నుంచి 18 వరకు. అడ్డంకుల ఎత్తు కూడా కేటగిరీని బట్టి మారుతుంది.

ఈ ఆట బయటి ప్రపంచం వేరు. మంగోలియాలో ఏటా జులైలో జరిగే నాదమ్ పండుగ రేసుల్లో జాకీలు పిల్లలే. గుర్రం వయసును బట్టి దూరం పది కిలోమీటర్ల పైనుంచి పాతిక దాకా ఉంటుంది. చట్టం ప్రకారం జాకీకి కనీసం 7 ఏళ్లు ఉండాలి, హెల్మెట్ పెట్టుకోవాలి. ఇండోనేషియాలోని సుంబావా దీవిలో అంతకంటే చిన్నవాళ్లు కూడా జీను లేకుండా రేసులు తోలుతారు. 2019లో అక్కడ తొమ్మిదేళ్ల బాలుడు పడి చనిపోయాడు. రెండు చోట్లా పిల్లల్నే ఎక్కించడానికి ప్రధాన కారణం ఒకటే, బరువు తక్కువైతే గుర్రం వేగంగా పరిగెత్తుతుంది.

మార్చడం అసాధ్యమేం కాదు. ఒంటె పందేల్లో పిల్లల్ని వాడిన యూఏఈ, 18 ఏళ్ల లోపు జాకీలను 2005లో చట్టంతో నిషేధించింది. ఇప్పుడు ఆ ఒంటెల మీద రిమోట్‌తో నడిచే చిన్న రోబోలు ఉంటున్నాయి.

స్కూల్లో చేర్చే ముందు అడగాల్సినవి

* పిల్లలకు ఇచ్చే గుర్రం వయసెంత, స్వభావం ఏంటి? కొత్తగా నేర్చుకునేవాళ్లకు కుర్ర గుర్రాన్ని ఇవ్వకూడదు.
* ఒక్కో కోచ్‌కు ఎంతమంది పిల్లలు?
* హెల్మెట్లు స్కూల్‌వి అయితే ఎప్పుడు కొన్నారు, ఇంతకుముందు దెబ్బ తగిలిందా?
* ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు ఎవరు? దగ్గర్లో తలగాయాలకు చికిత్స చేసే ఆస్పత్రి ఏది, ఎంతసేపట్లో చేరొచ్చు?
* పోటీ రోజు డాక్టర్, అంబులెన్స్ గ్రౌండ్‌లోనే ఉంటాయా?
* అడ్డంకి ఎత్తు పెంచాలని ఎవరు నిర్ణయిస్తారు? పిల్లలు వద్దంటే ఆపుతారా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. పతకం మీద ఆశ కోచ్‌కు ఉంటుంది, కట్టిన ఫీజు మీద లెక్క ఇంట్లోవాళ్లకు ఉంటుంది. 'ఇవాళ నాకు భయంగా ఉంది' అని పిల్లలు చెబితే ఆ పూట గుర్రాన్ని లాయంలో కట్టేయగలిగే స్కూల్‌నే ఎంచుకోవాలి.