పాయింట్ టూ టూ కథ: పారిస్ హాల్లో పుట్టి మన ఎన్‌సీసీ గ్రౌండ్ దాకా

 

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక్క ప్రశ్న. బేతంచెర్ల, డోన్, బనగానపల్లె వైపు తమ్ముళ్లు నన్ను తరచూ అడిగేదే. "అన్నా, సరదాగా షూటింగ్ నేర్చుకోవాలనుంది. పాయింట్ టూ టూ రైఫిల్లో ఏది మంచిది?" నేను ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ చిన్న తుపాకీ ఎక్కడ పుట్టింది, మన చట్టంలోకి ఎట్లా వచ్చింది అనేది తెలిస్తే, సగం జవాబు మీకే దొరుకుతుంది. అందుకే ముందు చరిత్ర, తర్వాత రైఫిల్.

1845. పారిస్‌లో లూయీ నికొలా ఫ్లోబేర్ అని ఒక తుపాకులు చేసేవాడు ఉండేవాడు. ఆయన ఒక చిన్న రాగి టోపీ లాంటిదానికి సన్న గుండు తగిలించాడు. అందులో వేరే మందు కూరే పని లేదు. టోపీలో ఉన్న పేలుడు పదార్థమే గుండును తోసేస్తుంది. ఎందుకు చేశాడు? యుద్ధానికి కాదు. డబ్బున్నవాళ్లు ఇంటి హాల్లో కూర్చుని కాలక్షేపానికి గురి చూసి కొట్టుకోవడానికి! అంటే రిమ్‌ఫైర్ పుట్టిందే ఆటకోసం.

రిమ్‌ఫైర్ అంటే ఏమిటి? తూటా అడుగున ఒక అంచు ఉంటుంది కదా, ఆ అంచు మడతలో పేలుడు పదార్థం ఉంటుంది. సుత్తి ఆ అంచును నలిపితే నిప్పు పుడుతుంది. అంచు నలగాలంటే రేకు పల్చగా ఉండాలి. రేకు పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకోదు. అందుకే ఈ పద్ధతి చిన్న తూటాలకే నిలిచింది. ఒకసారి అంచు నలిగిందంటే ఆ ఖాళీ తూటాను మళ్లీ నింపుకోవడం కూడా కుదరదు.

ఇప్పుడు అదే కాలంలో మన నేల మీద ఏం జరుగుతోందో చూడండి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఫిరంగులు, మందుగుండు పెద్ద ఎత్తున పోగేశాడని ఇంగ్లీషువాళ్లు ఆయన్ను గద్దె దింపి రాజ్యం కలిపేసుకున్నారు. ఫ్లోబేర్ తూటా వచ్చిన మరుసటి ఏడు, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను అదే కోయిలకుంట్లలో ఉరి తీశారు. అక్కడ తుపాకీ హాల్లో ఆటబొమ్మ. ఇక్కడ తుపాకీ ఉంటే రాజ్యం పోయింది, తల పోయింది. నాకు ఈ తేడా చాలా ముఖ్యంగా తోస్తుంది. మన సీమలో తుపాకీ అనే మాట వినగానే పెద్దవాళ్ల ముఖం ఎందుకు మారుతుందో, ఆ తర్వాత వచ్చిన ఫ్యాక్షన్ రోజులు కూడా కలుపుకుంటే, మీకే అర్థమవుతుంది.

అవతల అమెరికాలో 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఈ ఆలోచన తీసుకుని, తూటాలో కాస్త నల్లమందు వేసి, పాయింట్ టూ టూ షార్ట్ తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తెచ్చింది. ఈరోజు ప్రపంచమంతా వాడేది ఇదే. గుండు వ్యాసం సుమారు 5.6 మిల్లీమీటర్లు, బరువు 2.6 గ్రాములు. భుజానికి దెబ్బ దాదాపు తెలియదు, చప్పుడు తక్కువ.

ఈ రెండు తూటాలకీ నడుమ, 1878లో, వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్స్ కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు! మన నేతలకు ఇది ఎంత మండించిందంటే, 1930లో గాంధీజీ వైస్రాయ్ ఇర్విన్ ముందు పెట్టిన పదకొండు డిమాండ్లలో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా ఒకటి. అహింస చెప్పిన మనిషే అడిగాడు, ఆలోచించండి.

మరి ఆటబొమ్మ బడిపిల్లల చేతికి ఎట్లా వచ్చింది? 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్ రైతులు ఇంగ్లీషు సైన్యానికి గురి అంటే ఏమిటో చూపించారు. ఆ దెబ్బకు బ్రిటన్‌లో ఊరూరా చిన్న రైఫిల్ క్లబ్బులు లేచాయి. ఖర్చు తక్కువ, జాగా తక్కువ సరిపోతుంది కాబట్టి శిక్షణకు పాయింట్ టూ టూయే అనుకున్నారు. ఆ అలవాటు మనకూ వచ్చింది. 1948 చట్టంతో ఏర్పడిన ఎన్‌సీసీలో లక్షల మంది పిల్లలు మొదటిసారి నేల మీద బోర్లా పడుకుని, 25 గజాల దూరంలోని కాగితం మీద గురి పెట్టింది ఈ రైఫిల్‌తోనే. మీ ఇంట్లో మామయ్యో, పెద్దనాన్నో ఎన్‌సీసీ చేసి ఉంటే అడిగి చూడండి. ఆ కథ తప్పకుండా చెప్తారు.

1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పుట్టింది. దాన్ని పెట్టింది లోక్‌సభ మొదటి స్పీకర్ మావలంకర్. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. ఇక్కడ చెవులు పెట్టి వినండి. ఆ చట్టం 13వ సెక్షన్‌లో పాయింట్ టూ టూ రైఫిల్‌ను పేరుపెట్టి రాశారు. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు సభ్యుడు టార్గెట్ ప్రాక్టీస్ కోసం అడిగితే లైసెన్స్ ఇవ్వాలి అని. అంటే చట్టం దృష్టిలో ఈ రైఫిల్‌కు ఒక ఇల్లు ఉంది, అది క్లబ్బు. మీ పొలం గట్టు కాదు. 21 ఏళ్లు నిండకుండా సొంత తుపాకీ కుదరదు. అయితే శిక్షణ కోసం, నిబంధనల ప్రకారం, చిన్నవాళ్లకు కూడా చట్టం దారి వదిలింది.

కాబట్టి "ఏది కొనాలి" అనే ప్రశ్నకు నా మొదటి జవాబు: కొనొద్దు, ముందు క్లబ్బులో చేరు. క్లబ్బు రైఫిల్‌తో కొన్ని నెలలు కొట్టు. అప్పుడు నీ ఒంటికి ఏం కావాలో తెలుస్తుంది. ఆ తర్వాత చూసుకోవాల్సినవి ఇవి.

మొదటిది, కొలత. బట్‌ను మోచేతి మడతలో ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌కు ఇబ్బంది లేకుండా అందాలి. చొక్కా కొలత చూసుకునేవాళ్లం, రైఫిల్ కొలత చూసుకోకపోతే ఎట్లా? రెండోది, బోల్ట్ యాక్షన్ తీసుకో. ఒక్కో తూటాకు చేయి ఆడించాలి కాబట్టి తొందర తగ్గుతుంది, గురి పెరుగుతుంది. ఎడమచేతి వాటమైతే ఎడమవైపు బోల్ట్ ఉన్నది వెతుకు. మూడోది, పాత రైఫిళ్లు. మన దేశంలో పాత లైసెన్సుదారుల దగ్గర బీఎస్‌ఏ, బ్రూనో రైఫిళ్లు కనిపిస్తాయి. పైన పాలిష్ చూసి మోసపోవద్దు. బ్యారెల్ లోపల తుప్పు ఉందా, తూటా పెట్టే గది అంచు దెబ్బతిందా చూడాలి. ఖాళీ రైఫిల్‌ను పదేపదే టక్కుమనిపిస్తే చాలా పాత రిమ్‌ఫైర్లలో సుత్తి ఆ అంచునే కొడుతుంది. నాలుగోది, తూటా. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కో రకం నచ్చుతుంది. పోటీలవాళ్లు శబ్దవేగం కంటే తక్కువ వేగం ఉన్నవే వాడతారు. శబ్దవేగం దాటి మళ్లీ దిగేటప్పుడు గుండు అదురుతుంది కాబట్టి.

జర్మనీ వాళ్ల అన్‌షుట్జ్, వాల్తర్ లాంటివి పోటీల రైఫిళ్లు. మొదటి ఏడాదిలో వాటి కోసం అప్పు చేయొద్దు. 50 మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. దాన్ని తాకేది డబ్బు కాదు, ఊపిరి మీద అదుపు.

ఇప్పుడు బేతంచెర్ల మాట. మన చుట్టూ ఏముంది? నాపరాయి. పలకలు పలకలుగా, గట్టిగా, నున్నగా. సీసపు గుండు రాయికి ఏటవాలుగా తగిలితే అందులో దిగదు, జారి ఎగురుతుంది. ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు. ఈ చిన్న గుండు ఒకటిన్నర కిలోమీటరు దాకా పోగలదు. పాడుబడిన క్వారీలో సీసాలు పెట్టి కొడదాం అనుకునే తమ్ముడూ, అవతల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే అక్క, గొర్రెలు మేపే తాత ఉంటారు. మట్టికట్ట వెనక లేనిదే తూటా వదలకూడదు.

ఇంకొకటి. కుందేలు, కౌజుపిట్ట, పావురం... "చిన్న తుపాకీయే కదా" అని మొదలవుతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, ఎయిర్‌గన్‌తో కొట్టినా నేరమే. మన పక్కనే రోళ్లపాడు ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం. ఆ పక్షి ఇప్పుడు అక్కడ కంటికి కనపడటమే గగనం. దేశమంతటా దాని సంఖ్య పడిపోవడానికి మేతభూములు పోవడంతోపాటు సరదా వేట కూడా ఒక కారణం.

మరి మనవాళ్లు ఎవరూ ఈ ఆటలో పైకి రాలేదా? వచ్చారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. 2024 పారిస్‌లో మహారాష్ట్ర కుర్రాడు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం తెచ్చాడు, అది కూడా పాయింట్ టూ టూతోనే. ఫ్లోబేర్ ఉన్న అదే పారిస్ పేరు మీద!

సీమలో తుపాకీ అంటే భయం అనే మాట మారాలంటే, అది మీలాంటి వాళ్ల వల్లే మారాలి. అడవిలో పిట్టను కొట్టి కాదు, రేంజ్‌లో కాగితం మీద పది కొట్టి. ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి, క్లబ్బు రైఫిల్‌కు వెళ్లండి, సొంతది చివర్లో. రేంజ్ నుంచి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం ఒంటికి మంచిది కాదు. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పే వెళ్లండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.