అమెరికాలో పిల్లలకు కొత్త స్పోర్ట్స్ కారు లీజుకు తీసుకుంటున్నారా? ముందు ఇవి చూడండి

మార్కెట్లోకి అప్పుడే వచ్చిన స్పోర్ట్స్ కారే కావాలని టీనేజీ పిల్లలు పట్టుబడుతున్నారా? 18 ఏళ్లు నిండకపోతే లీజు ఒప్పందంపై సంతకం, బాధ్యత తల్లిదండ్రులవే. మూడేళ్ల లీజుకు సాధారణంగా వారంటీ తోడుంటుంది కాబట్టి రిపేరు ఖర్చు పెద్ద బెంగ కాదు. కానీ కారు సర్వీస్ సెంటర్లో పడి ఉన్నా నెల వాయిదా ఆగదు.

అంతకంటే ముఖ్యం భద్రత. తొలి బ్యాచ్ లోపాలు కొన్ని ఆలస్యంగా బయటపడతాయి. టయోటా వారి సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ అమెరికాలో 2012లో అమ్మకానికి వచ్చింది. వాల్వ్ స్ప్రింగు విరిగి, నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోవచ్చంటూ 2013 మోడల్ కార్లకు రీకాల్ ప్రకటించింది మాత్రం 2018లో! మొదట్లో మూడేళ్ల లీజుకు తీసుకున్నవారి గడువు అప్పటికే ముగిసిపోయింది.

అందుకే రీకాల్ లేదనగానే నిశ్చింత పడొద్దు. రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో కారు 17 అక్షరాల ‘విన్’ నంబరు కొడితే పెండింగ్ రీకాల్స్ కనిపిస్తాయి. వాటి రిపేరు ఉచితం. అక్కడే మోడల్ పేరుతో వెతికి, యజమానుల ఫిర్యాదులూ చదవండి. ఇంజిన్ ఆగిపోతోందన్న మాట పదేపదే కనిపిస్తే, పిల్లలు అలిగినా సరే, కొన్నాళ్లు ఆగండి. కారు తయారైన నెల, ఏడాది డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌పై ఉంటాయి.

తీసుకున్నాక ఇబ్బంది వస్తే ‘లెమన్ చట్టం’ ఉంది. నిబంధనలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో లీజు కార్లకూ వర్తిస్తుంది. అక్కడ తొలి 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు, వారంటీ లోపాల రిపేర్లకే కారు మొత్తం 30 రోజులకు మించి ఆగిపోతే మీ వాదనకు బలం వస్తుంది. కాబట్టి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, మైలేజీ రీడింగు ఉన్న రిపేరు రసీదు ప్రతిసారీ అడిగి తీసుకోండి.