రత్నపుర గనుల్లో వాటాల చరిత్ర

తవ్వినవారికి తగిన ప్రతిఫలం దక్కి, నేలకూ నీటికీ తీరని హాని కలగకుండా, ఏ చేతుల మీదుగా వచ్చిందో తెలిసేలా అంగడికి చేరిన రంగురాయిని నేటి ఆభరణాల వర్తకులు నైతికంగా సేకరించిన రాయిగా చెప్పుకొంటున్నారు. ఈ మాట కొత్తదే కాని, దాని వెనుకనున్న తగవు మాత్రం శ్రీలంకలోని రత్నపుర ప్రాంతంలో శతాబ్దాలుగా సాగుతున్నదే. భూగర్భంలో దొరికిన నీలం ఎవరిది, అందులో తవ్వినవాడి వాటా ఎంత అన్నదే ఆ తగవు.

1344లో ఈ ద్వీపాన్ని దర్శించిన యాత్రికుడు ఇబ్న్ బతూతా వ్రాతలను బట్టి, నేలను కొనుక్కుని కెంపులకోసం తవ్వుకునే వీలు అప్పటి జనానికి ఉండేది. అయితే నూరు పణాల విలువకు చేరిన కెంపును పాలకుడు వెల చెల్లించి తీసుకునేవాడు, అంతకు తక్కువది దొరికినవానికే చెందేది. కండీ రాజుల కాలానికి ఆ పాటి వెసులుబాటు కూడా లేకపోయింది. 1660 నుండి 1679 వరకు అక్కడ బందీగా ఉన్న ఆంగ్ల నావికుడు రాబర్ట్ నాక్స్, రత్నాలున్నట్లు తెలిసిన చోట్ల మొనదేలిన కొయ్యలు పాతి ఉంచేవారనీ, అటుగా పోయినవారిని వాటికే కొరత వేస్తామన్న హెచ్చరిక అదనీ తన 1681 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. రాజుకు రత్నాలు చాలినన్ని ఉన్నందున కొత్తవి బయటపడటం ఇష్టం లేదని కూడా ఆయన అంటాడు. గనుల చరిత్రలో ఇటువంటి పాలకుడు అరుదు.

1815లో కండీ బ్రిటిష్‌వారి వశమైంది. స్వాతంత్ర్యానంతరం 1971 చట్టంతో ప్రభుత్వ రత్నాల సంస్థ ఏర్పడింది. 1993లో దాని స్థానంలో జాతీయ రత్న, ఆభరణాల ప్రాధికార సంస్థ వచ్చింది. లైసెన్సు లేని తవ్వకం నేరమైంది. తవ్వకం ముగిశాక గోతిని పూడ్చేందుకు హామీగా ముందే సొమ్ము డిపాజిట్ చేయాలన్న నియమం వచ్చింది, కాని పూడ్చే ఖర్చు ఆ డిపాజిట్‌ను మించిన చోట గోతిని వదిలేసి పోవడమే లాభసాటి కనుక, నీరు నిలిచిన పాత గోతులు దోమలకు నిలయాలయ్యాయి.

తవ్వకం తీరు మాత్రం పెద్దగా మారలేదు. వరిమడిలోనో ఏటి ఒడ్డునో నిలువు గొయ్యి తీసి, అంచులు విరిగిపడకుండా దుంగలు బిగించి, వాటి వెనుక ఫెర్న్ ఆకులు దట్టించి, ఊటనీటిని పంపుతో తోడుతూ ‘ఇల్లం’ అనే పొరదాకా దిగుతారు. ఇల్లం అంటే పూర్వపు ఏరులు కొండలనుండి కొట్టుకొచ్చి పరచిన కంకర. నీలం, వైడూర్యం, గోమేధికం వంటివి అందులోనే ఉంటాయి. పైకి లాగిన కంకరను వెదురుబుట్టల్లో నీట కడిగి, అడుగున మిగిలిన బరువైన రాళ్లను అనుభవజ్ఞుడైన వ్యక్తి వాటాదారుల కళ్లెదుటే వేళ్లతో కెలికి చూస్తాడు. రాయి అమ్ముడయ్యాక భూమి యజమాని, లైసెన్సుదారు, పంపు యజమాని తమ తమ భాగాలు తీసుకోగా, మిగిలినది పెట్టుబడిదారుకూ కూలీలకూ పంపకమవుతుంది. నిర్ణీత కూలి లేదు. తిండి, చేతిఖర్చు మాత్రం పెట్టుబడిదారు చూస్తాడు. ఈ పద్ధతిని సహకారానికి ఆదర్శంగా పొగిడేవారున్నారు. ఆ పొగడ్తలో నిజం లేకపోలేదు గాని, నెలల తరబడి రాయి దొరకనప్పుడు పెట్టుబడిదారు సొమ్మును పోగొట్టుకుంటే కూలీ తన ఒంటి కష్టాన్ని పోగొట్టుకుంటాడు.

ఈ ఏర్పాటుకు పెద్ద దెబ్బ గని బయటే తగిలింది. పాలవలె మసకబారి ఉండే ‘గెవుడ’ అనే రాళ్లను విలువలేనివిగా ఎంచి కారుచౌకగా అమ్మేసేవారు. 1970లలో థాయ్ వర్తకులు వాటిని కొనుక్కుపోయి, 1,500 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో కాల్చగా, రాయి లోపలి సన్నని రూటైల్ ఖనిజపు పోగులు కరిగి, వాటిలోని టైటానియం ఇనుముతో కలిసి చక్కని నీలిరంగునిచ్చింది. పెరిగిన విలువ అంతా కొలిమి వద్దే పుట్టింది కనుక, గోతివద్ద జరిగిన పంపకం ఎంత ధర్మంగా ఉన్నా కూలీ వాటా పచ్చిరాయి వెలతోనే ఆగిపోయింది.

ఇక కొనేవారి సంగతికి వస్తే, తెలుగునాట గురుగ్రహ శాంతికి ధరించే కనకపుష్యరాగాలలోనూ సిలోన్ (శ్రీలంక) రాయికి ప్రత్యేకమైన గిరాకీ ఉంది. రాయి లోపలి గుర్తులను బట్టి అది శ్రీలంకదని, కాల్చినదని ప్రయోగశాల తన ధ్రువపత్రంలో చాలాసార్లు చెప్పగలదు. కాని శ్రీలంకలోని బేరువల రత్నాల సంతలో పలు గోతుల రాళ్లు ఒకే కాగితపు పొట్లంలో కలిసిపోతాయి కాబట్టి, ఏ గోతిదో, అక్కడి పంపకం ఎలా జరిగిందో ఆ ధ్రువపత్రంలో ఉండదు.